గుర్రం గిట్టలు: లాయంలో ఎంతసేపు, ఆరుబయట ఎంతసేపు?

తెల్లవారి లాయం తలుపు తీశాక, గుర్రాన్ని బయటికి తీసుకురాకముందే ఒక ముందుకాలు ఎత్తి పట్టుకుని చూడండి. రాత్రంతా తొక్కిన లద్దె, మూత్రంతో తడిసిన గడ్డిపోచలు కలిసిపోయి గిట్ట అడుగున గట్టిగా అతుక్కుని ఉంటాయి. గిట్టలు శుభ్రం చేసే కొక్కెంతో మడమ వైపు నుంచి లేపితే అది ఒకే ముక్కగా ఊడివస్తుంది. దాని లోపలి వైపు గిట్ట అడుగుభాగం మొత్తం అచ్చు పడి ఉంటుంది. పది పన్నెండు గంటలపాటు ఆ ముద్ద కింద గాలి ఆడలేదు, తడి ఆరలేదు. అదే గుర్రం ఆ రాత్రంతా పొడి నేల మీద తిరిగి ఉంటే ఆ ముద్ద అంతసేపు నిలిచేది కాదు. నడిచే గిట్ట అడుగడుగునా కొద్దిగా విచ్చుకుంటూ ముడుచుకుంటూ తనను తానే దులుపుకుంటుంది.

లాయం మంచిదా, ఆరుబయలు మంచిదా అని చాలామంది అడుగుతారు. ప్రశ్నను అలా వేస్తే జవాబు దొరకదు. గిట్టకు కావలసినవి రెండు: కదలిక, పొడి నేల. లాయం పొడి నేలను ఇవ్వగలదు, కదలికను ఇవ్వలేదు. ఆరుబయలు కదలికను ఇస్తుంది, కానీ వాన పడగానే పొడి నేలను లాగేసుకుంటుంది. ఈ రెండింటినీ ఒకే రోజులో ఎలా అమర్చాలన్నదే ఇక్కడ చెప్పబోయేది.

గిట్ట లోపల జరిగే పని

గుర్రం కాలు నేల మీద మోపినప్పుడు గిట్ట వెనుకభాగం, అంటే మడమలు, కొద్దిగా పక్కలకు విచ్చుకుంటాయి. అడుగున త్రికోణాకారంలో ఉండే మెత్తటి భాగాన్ని ఫ్రాగ్ అంటారు. దాని పైన లోపల దిండులాంటి కణజాలం, రెండు పక్కలా మృదులాస్థి ఉంటాయి. బరువు పడినప్పుడు ఇవి అదురును తీసుకుంటాయి, గిట్టలోని సిరల నుంచి రక్తాన్ని పైకి నెడతాయి. కాలు ఎత్తగానే కొత్త రక్తం లోపలికి వస్తుంది. గుర్రానికి మోకాలి కింద చెప్పుకోదగ్గ కండరం లేదు కాబట్టి రక్తాన్ని వెనక్కు పంపే పనిలో అడుగులదే పెద్ద వాటా. రాత్రంతా కట్టి ఉంచిన గుర్రానికి ఉదయం వెనుకకాళ్లు నీరు పట్టినట్టు ఉబ్బి, పావుగంట నడిపిస్తే మామూలవడం మీరు చూసే ఉంటారు. అది కంటికి కనిపించే గుర్తు. గిట్ట లోపల కూడా ప్రసరణ మందగించే ఉంటుంది, కానీ అది మనకు కనిపించదు.

స్వేచ్ఛగా వదిలిన గుర్రం రోజులో 14 నుంచి 18 గంటలు మేస్తుంది. మేయడమంటే తల దించి ఒకచోట నిలబడటం కాదు. రెండు కొరుకులకు ఒక అడుగు చొప్పున తిరుగుతూనే ఉంటుంది. ఈ నెమ్మది నడక గిట్టకు చేసే మేలును సాయంత్రం గంటసేపు చేయించే స్వారీ భర్తీ చేయలేదు. మిగిలిన 23 గంటలూ నిలబడే ఉంటే ఆ ఒక్క గంట ఎంతకని సరిపోతుంది?

మొదటి మెట్టు: ఏదీ మార్చకముందు గిట్టను చదవండి

గిట్ట గోడ, అంటే బయటికి కనిపించే గట్టి తొడుగు, నెలకు దాదాపు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పైన వెంట్రుకలు ముగిసేచోట పుట్టిన కొమ్ము (గిట్ట గోడలోని గట్టి పదార్థం) ముందుభాగంలో నేలను తాకడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. మడమ పొట్టిది కాబట్టి అక్కడ అందులో సగం కాలం చాలు. అందుకే గిట్టను గడిచిన ఏడాది దినచర్యకు చిట్టాగా చూడవచ్చు. గోడ మీద అడ్డంగా కనిపించే గీతలు మేత మారినప్పుడో, జ్వరం వచ్చినప్పుడో, గడ్డి అతిగా తిన్నప్పుడో పడినవి. వెంట్రుకల అంచు నుంచి గీత దాకా కొలిచి నెలకు 8 మిల్లీమీటర్ల చొప్పున లెక్కవేస్తే, అప్పుడు ఏం జరిగిందో మీకే గుర్తుకు వస్తుంది. గీతల మధ్య దూరం ముందు తక్కువగా, మడమ దగ్గర ఎక్కువగా ఉంటే దాన్ని తేలికగా తీసుకోకండి. అది పాత లామినైటిస్ (గిట్ట లోపలి పొరలు దెబ్బతినే జబ్బు, ఐదో మెట్టులో వివరిస్తాను) గుర్తు కావచ్చు. పశువైద్యుడికి చూపించండి.

ఇక అడుగుభాగం. శుభ్రం చేశాక బొటనవేలితో ఫ్రాగ్‌ను నొక్కండి. ఆరోగ్యంగా ఉన్నది గట్టి రబ్బరులా ఉంటుంది: కొద్దిగా లొంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. చెడినది స్పంజిలా మెత్తగానో, అంచులు చిరిగిపోయినట్టో ఉంటుంది. వెడల్పుగా ఉందా, సన్నగా కుంచించుకుపోయిందా కూడా చూడండి. దాని వెనుక చివర మధ్యలో ఒక పల్లం ఉండాలి. అది పల్లంలా కాక వేలు దూరేంత లోతు చీలికలా మారి మడమల మధ్యకు పోతుంటే లోపల త్రష్, అంటే ఫ్రాగ్ కుళ్లే జబ్బు, ఉన్నట్టే అనుకోండి. కొక్కెం కొనను ఫ్రాగ్ పక్కనుండే గాడిలో నెమ్మదిగా లాగి వాసన చూడండి. మామూలు లద్దె వాసన ఎవరికైనా తెలుసు. త్రష్ వాసన వేరు. కుళ్లిన వాసన, చేతికి అంటుకుంటే సబ్బుతో కడిగినా పోదు. దానితో పాటు నల్లటి జిగురు వస్తుంది.

చివరగా, గిట్ట గోడకూ అడుగుభాగానికీ మధ్యనుండే తెల్లగీత. అక్కడ సందు ఏర్పడి అందులో మట్టి, చిన్న రాళ్లు ఇరుక్కుంటున్నాయా గమనించండి. నాలుగు గిట్టలనూ పక్క నుంచి, ముందు నుంచి, అడుగు నుంచి ఫోటోలు తీసి తేదీతో దాచుకోండి. తరువాత ఇవే మీకు ఆధారం.

రెండో మెట్టు: రోజును గంటల్లో లెక్కపెట్టండి

ఒక కాగితం మీద వారం రోజుల లెక్క రాయండి: ఎన్ని గంటలు లాయంలో, ఎన్ని గంటలు బయట, బయట ఉన్నప్పుడు నిజంగా ఎంత నడిచింది. చివరిది ముఖ్యం. చిన్న ఆవరణలో గేటు దగ్గరే నిలబడి ఆరు గంటలు గడిపిన గుర్రం కూడా నిలబడి ఉన్నట్టే లెక్క. గుర్రం తనకు తానుగా నడవాలంటే కారణం ఉండాలి. నీళ్ల తొట్టి ఒక కొసన, ఎండుగడ్డి మరో కొసన, ఉప్పు ఇంకో మూల పెడితే అది రోజంతా వాటి మధ్య తిరుగుతుంది. గడ్డిని ఒకే కుప్పగా కాక నాలుగైదు చోట్ల వేయండి. తోడుగా మరో గుర్రం ఉంటే నడక ఇంకా పెరుగుతుంది. స్థలం తక్కువ ఉన్నవారు ఆవరణ అంచు వెంట కంచె వేసి చుట్టూ బాటలా చేస్తారు. నా దృష్టిలో గిట్టల కోసం చేయగలిగిన మార్పుల్లో తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

ఎన్ని గంటలు వదలాలి? అవకాశం ఉంటే రోజులో సగానికి తగ్గకుండా. అది కుదరకపోతే ఉన్న సమయాన్ని రెండుగా విడగొట్టండి. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు వదలడం ఒకేసారి నాలుగు గంటలు వదలడం కంటే మేలు, ఎందుకంటే వరసగా కదలకుండా నిలబడే సమయం తగ్గుతుంది.

మూడో మెట్టు: లాయం నేలను సరిచేయండి

మధ్యస్థమైన గుర్రం రోజుకు 15 నుంచి 20 కిలోల లద్దె వేస్తుంది, 5 నుంచి 10 లీటర్ల మూత్రం పోస్తుంది. 3.6 మీటర్ల చదరంలో, అంటే మామూలు లాయం గది కొలతలో, అదంతా దాని కాళ్ల కిందే పడుతుంది. మూత్రం కుళ్లినప్పుడు వచ్చే అమ్మోనియా కొమ్మును బలహీనపరుస్తుంది, ఊపిరితిత్తులనూ పాడుచేస్తుంది. త్రష్‌కు కారణమయ్యే సూక్ష్మజీవులు గాలి ఆడని చోటే పెరుగుతాయి. తడి లద్దె కూరుకుపోయిన గిట్ట వాటికి అనువైన చోటు.

మనిషి నిలబడి వాసన చూస్తే లాయం శుభ్రంగానే అనిపిస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని, గుర్రం పడుకున్నప్పుడు దాని ముక్కు ఉండే ఎత్తులో గాలి పీల్చండి. కళ్లు మండితే, ముక్కు ఘాటెక్కితే పైన ఎంత శుభ్రంగా కనిపించినా కింద తడి నిలిచి ఉన్నట్టే. ఆ చోట పరుపును పూర్తిగా పక్కకు తీసి నేలను చూడండి. సాధారణంగా గది మధ్యలోనో, ఒక మూలనో పళ్లెమంత మేర నల్లబడి ఉంటుంది. గుర్రం ఎప్పుడూ అక్కడే మూత్రం పోస్తుంది. రోజూ మొత్తం పరుపు మార్చలేకపోయినా ఆ ఒక్కచోట తడినంతా తీసి, నేలను గంటసేపు ఆరనిచ్చి, ఆ తరువాతే కొత్త పరుపు వేయండి.

పరుపుగా గడ్డి వేయాలా, చెక్క పొట్టు వేయాలా? చెక్క పొట్టు తడిని ఎక్కువ పీలుస్తుంది. గడ్డి మీద గుర్రం హాయిగా పడుకుంటుంది గానీ తడి అడుగున దిగిపోతుంది, అందుకే పై పొర పొడిగా ఉండి మనల్ని మోసం చేస్తుంది. ఏది వేసినా మందంగా వేయండి, మడమ దిగినా నేల తగలకూడదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: బ్లాక్ వాల్‌నట్ చెట్టు కలప పొట్టు కొద్దిగా కలిసినా గుర్రానికి గంటల వ్యవధిలో లామినైటిస్ రావచ్చు. పొట్టు ఏ కలపదో తెలియనప్పుడు వాడకండి. రబ్బరు చాపలు వేసినవారు వాటిని వారానికి ఒకసారైనా లేపి చూడాలి. చాప కింద నిలిచిన మూత్రం కనిపించదు, వాసన మాత్రం లాయమంతా నిండుతుంది.

పాత పరుపు తీయకుండా పైన కొత్తది వేస్తూ పోయే పద్ధతి గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చేయి తిరిగినవారు, రోజూ లద్దె ఏరేవారు దాన్ని బాగానే నడపగలరు. పని తగ్గించుకోవడానికి చేస్తే మాత్రం దాని ఖరీదు గిట్టలు చెల్లిస్తాయి. నేను చూసుకున్న ఒక ఆడగుర్రానికి నాలుగు గిట్టల్లోనూ త్రష్ వచ్చింది. ఆరు వారాలపాటు మందు మీద మందు వేశాను, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. చివరికి పరుపంతా తవ్వి తీస్తే అడుగున జానెడు మందాన నల్లటి బురద. నేల ఆరబెట్టి, రాత్రుళ్లు కూడా దాన్ని బయట పొడి ఆవరణలో ఉంచడం మొదలుపెట్టాక, అదే మందు పది రోజుల్లో పనిచేసింది. మందు మొదటి నుంచీ మంచిదే. తప్పు నాది, నేలను చూడకుండా గిట్టనే చూస్తూ కూర్చున్నాను.

లాయం ఎంత శుభ్రంగా ఉన్నా కదలిక లేని గుర్రానికి త్రష్ రావచ్చు. బరువు పడక, నేల తగలక ఫ్రాగ్ కుంచించుకుపోతుంది. కుంచించుకున్న ఫ్రాగ్ పక్కన గాడులు లోతవుతాయి, లోతైన గాడిలో మురికి నిలుస్తుంది. కాబట్టి ఈ మెట్టు రెండో మెట్టుకు బదులు కాదు.

నాలుగో మెట్టు: ఆరుబయట నేలను సిద్ధం చేయండి

బురద ముందు మూడుచోట్ల పుడుతుంది: గేటు దగ్గర, నీళ్ల తొట్టి చుట్టూ, మేత వేసే చోట. ఈ మూడింటినీ గట్టిపరిస్తే ఆవరణ సగం బాగుపడినట్టే. పై మట్టిని తీసి, నీరు ఇంకే బలమైన గుడ్డ పరిచి, దాని మీద కంకర, ఆ పైన సన్నటి రాతిపొడి వేసి చదును చేయండి. గుడ్డ లేకుండా వేసిన కంకర ఒక్క వానాకాలంలో మట్టిలోకి దిగిపోతుంది.

వీలైతే నీళ్ల తొట్టి చుట్టూ బఠాణీ గింజంత గుండ్రటి గులకరాళ్లు 8 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పోయండి. గుర్రం నీళ్లు తాగడానికి వచ్చిన ప్రతిసారీ వాటిలో నిలబడుతుంది. అవి గిట్ట అడుగున ప్రతి మూలకూ ఒదిగి ఫ్రాగ్‌ను, అడుగుభాగాన్ని తట్టిలేపుతాయి, ఇరుక్కున్న బురదను రాలుస్తాయి. పదును అంచులున్న పగుల రాయి మాత్రం వద్దు, అది అడుగుభాగాన్ని కమిలిస్తుంది.

తడి కంటే కూడా తడి, పొడి మారి మారి రావడం గిట్టకు ఎక్కువ హాని. రాత్రి మంచులోనో బురదలోనో నానిన కొమ్ము పగలు ఎండలోనో పొడి పొట్టులోనో బిగుసుకుంటుంది, మళ్లీ నానుతుంది. ఇలా రోజూ జరిగితే గోడ అంచులు చిట్లుతాయి, లాడం మేకులు కొట్టిన రంధ్రాలు వదులవుతాయి. అందుకే తడి కాలంలో ఆరుబయలును పూర్తిగా మానేయడం కాదు, బయట పొడి చోటు కల్పించడం మార్గం. పైకప్పు ఉండి పక్కలు తెరిచి ఉన్న పాక ఒకటి ఆవరణలో ఉంటే గుర్రం తనకు తానే లోపలికీ బయటికీ తిరుగుతుంది. రోజూ గిట్టలను నీళ్లతో కడిగి ఆపైన నూనె రాసే అలవాటు ఉంటే మానుకోండి. బురదను ఎండనిచ్చి బ్రష్‌తో దులపడం మేలు.

ఎండాకాలంలో చిక్కు వేరు. నేల రాయిలా గట్టిపడుతుంది, జోరీగలకు గుర్రం కాళ్లు బాదుతూనే ఉంటుంది. ఆ బాదుడుకు గోడ చిట్లుతుంది, లాడాలు వదులవుతాయి. అప్పుడు పగలు నీడలో, రాత్రి బయట ఉంచండి.

ఐదో మెట్టు: గడ్డిని అనుమానించండి

ఆరుబయట వదలడం గిట్టకు మేలని ఇంతసేపు చెప్పి ఇప్పుడు ఇలా అంటున్నానేమిటి అనుకోవద్దు. పచ్చిక నిండిన మైదానం కొన్ని గుర్రాలకు ప్రమాదం. గిట్ట గోడను లోపలి ఎముకకు పట్టి ఉంచే పొరలు దెబ్బతినడమే లామినైటిస్. ముదిరితే ఎముక స్థానం తప్పి తిరిగిపోయి, కిందికి దిగుతుంది. బరువెక్కిన గుర్రాలు, పొట్టి జాతి గుర్రాలు, మెడ పైభాగం గట్టిగా ఉబ్బినవి, హార్మోన్ల జబ్బున్న ముసలి గుర్రాలు దీనికి ఎక్కువగా లోనవుతాయి. పచ్చిగడ్డిలోని చక్కెరలు రక్తంలో ఇన్సులిన్‌ను పెంచడం ఇందులో ప్రధాన కారణం.

గడ్డి ఎండలో చక్కెర తయారుచేసుకుంటుంది, రాత్రి పెరుగుదలకు ఖర్చు చేసుకుంటుంది. కాబట్టి సాయంత్రానికి చక్కెర ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ. ఇటువంటి గుర్రాన్ని అర్ధరాత్రి దాటాక వదిలి, ఎండ ఎక్కకముందే తీసుకురావాలి. కానీ రాత్రి బాగా చలి పడితే ఈ లెక్క తప్పుతుంది. చలికి గడ్డి పెరగదు, చక్కెర ఖర్చు కాదు, ఉదయం కూడా అలాగే ఉంటుంది. మంచు గడ్డకట్టిన ఉదయాన, ఆ మీదట ఎండ కాస్తే, ఆ గడ్డి మీదికి వదలకండి. బాగా కొరికేసిన పొట్టి గడ్డి కూడా సురక్షితం కాదు. మోళ్లలోనే చక్కెర నిల్వ ఉంటుంది.

ఇలాంటి గుర్రానికి కదలికను గడ్డి లేని మట్టి ఆవరణలో ఇచ్చి, ఎండుగడ్డిని గంటసేపు చల్లటి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెట్టండి. మేతను తగ్గించే మూతిబుట్ట కూడా ఉపయోగపడుతుంది. పస్తు మాత్రం పెట్టకండి. రోజుకు శరీర బరువులో 1.5 శాతానికి తగ్గకుండా, అంటే 500 కిలోల గుర్రానికి 7.5 కిలోలు, మేత అందాలి.

గిట్ట నాడి చూడటం ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే నేర్చుకోండి. గిట్టకు పైన కనిపించే మొదటి గుండ్రటి కీలు వెనుక, పక్క గాడిలో రెండు వేళ్లు ఆనించండి. మామూలుగా అది అందీ అందనట్టు తగులుతుంది, వెతుక్కోవాలి. వేలు పెట్టగానే కొట్టుకుంటుంటే, గిట్టలు వేడిగా ఉంటే, గుర్రం ముందుకాళ్లు చాచి బరువంతా వెనక్కు వేసి నిలబడితే, మలుపు తిరగడానికి జంకితే వెంటనే పశువైద్యుణ్ని పిలవండి. అంతవరకూ నడిపించకండి, మందమైన మెత్తటి పరుపు మీద ఉంచండి. లాయంలో కట్టి ఉంచడమే వైద్యమయ్యే సందర్భాల్లో ఇది మొదటిది.

ఆరో మెట్టు: మార్పును సాగదీయండి

ఎన్నో నెలలుగా లాయంలోనే ఉన్న గుర్రాన్ని ఒక్కరోజులో రోజంతా వదిలితే పరుగులు తీసి లాడాలు ఊడగొట్టుకుంటుంది, అలవాటు లేని అడుగుభాగం కమిలిపోతుంది. మొదటి రోజులు అరగంట, తరువాత రెండు మూడు రోజులకొకసారి అరగంట పెంచుతూ రెండు మూడు వారాలు తీసుకోండి. పచ్చిగడ్డి విషయంలో ఇంకా నెమ్మదిగా వెళ్లండి. లాడాలు తీసేయాలనుకుంటే అదే వారంలో చేయకండి. అవి రెండు వేర్వేరు మార్పులు.

ఏడో మెట్టు: రోజువారీ పని

రోజుకు రెండుసార్లు, లాయం నుంచి తీసేటప్పుడు, లోపలికి తెచ్చేటప్పుడు గిట్టలు శుభ్రం చేయండి. కొక్కెం మడమ నుంచి ముందుకు నడపాలి. త్రష్ కనిపిస్తే ఊడుతున్న కుళ్లు ముక్కలను నిపుణుడితో తీయించి, మందులో ముంచిన దూదిని గాడి అడుగు దాకా పెట్టండి. పైపైన పూస్తే దండగ. ధనుర్వాతం టీకా గడువు దాటకుండా చూసుకోండి.

గిట్టలు కత్తిరించే గడువు 6 నుంచి 8 వారాలు. లాడాలున్న గుర్రానికి ఇంకా ముందే. బయట ఎక్కువగా, గట్టి నేల మీద తిరిగే గుర్రానికి గిట్ట అరుగుతుంది, లాయంలో ఉండేదానికి అరగదు. కాబట్టి దినచర్య మారిస్తే లాడాలు కొట్టే నిపుణుడికి చెప్పి గడువు కూడా మార్చుకోండి. గిట్టల కోసం బయోటిన్ అనే విటమిన్ ఇస్తుంటే రోజుకు 20 మిల్లీగ్రాముల వరకూ ఇస్తారు, ఫలితం కనిపించడానికి 6 నుంచి 9 నెలలు ఆగాలి.

ఒక్కసారిగా ఒక కాలు అసలు మోపలేనంతగా కుంటితే గిట్టలో చీము గడ్డ కావచ్చు, ఎముక విరగడమూ కావచ్చు. అది తేల్చవలసింది వైద్యుడు. మేకు దిగి ఉంటే పీకకండి. ఎంత లోతు, ఏ దిశలో దిగిందో ఆయన ఎక్స్‌రేలో చూడాలి.

మార్పు మొదలుపెట్టిన రోజున గోడ మీద వెంట్రుకల అంచుకు సరిగ్గా కింద పెన్సిలుతో చిన్న గీత గీసి ఫోటో తీయండి. గీత చెరిగిపోతుంది గానీ ఫోటో ఉంటుంది. ప్రతి నెలా అదే తేదీన మళ్లీ తీయండి. మూడో నెలకు పైన దాదాపు రెండున్నర సెంటీమీటర్ల మేర కొత్త కొమ్ము కనిపిస్తుంది. తరచుగా అది పాత గోడ కంటే నునుపుగా, కొద్దిగా నిటారుగా దిగుతుంది, రెండింటి మధ్య చిన్న మలుపు తెలుస్తుంది. ఆ మలుపు నేలను చేరేదాకా, ఏడాదిపాటు, ఈ పద్ధతిని మార్చకండి.